సమ్మె రోజుల్లో ఒక లాగిన్

పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకూడదని మా బొగ్గు కంపెనీ ఏరియా ఆఫీసులో అందరికంటే ముందు చెప్పినవాణ్ని నేను. ఆ మాట చెప్పినందుకు రెండుసార్లు శాలువా కూడా కప్పారు. ఇప్పుడు బ్యాంకుకు వెళ్ళినా, ఎవరికైనా ఫోను చేసినా అదే మాట వినిపిస్తోంది. మా మనవరాలు "తాతా, నువ్వు చెప్పేదే గదా ఇది" అంటుంది. నేను తల ఊపుతాను. కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న మీకు ఆ పాఠాలు నాకంటే బాగా తెలుసు. అందుకని పాఠం జోలికి పోను. పాఠం చెప్పిన పెద్దమనిషి ఏం చేశాడో మాత్రం చెబుతాను.

నేను ఉద్యోగంలో చేరింది గోదావరిఖనిలో ఒక బొగ్గు బాయి మీద, ల్యాంప్ రూంలో. బాయిలోకి దిగే ప్రతి కార్మికుడికీ ఒక ల్యాంపు నంబరు ఉంటుంది. అతను తన నంబరున్న ఇత్తడి బిళ్ళ మాకిచ్చి, టోపీకి పెట్టుకునే దీపం తీసుకుంటాడు. షిఫ్టు అయ్యాక పైకొచ్చి దీపం ఇచ్చేసి బిళ్ళ తీసుకుంటాడు. బిళ్ళ ఇంకా మా బోర్డు మీదే ఉందంటే మనిషి లోపలే ఉన్నాడని అర్థం. పధ్నాలుగేళ్ళు ఆ బిళ్ళలు చూసుకుంటూ గడిపాను. మధ్యలో ప్రైవేటుగా డిగ్రీ కట్టి, టైపు నేర్చుకుని ఆఫీసుకు మారాను. రెండువేల సంవత్సరం దాటాక కంప్యూటర్లు వచ్చాయి. టైపు వచ్చినవాడికి కంప్యూటరు రాకుండా ఎక్కడికి పోతుందని పైవాళ్ళు అనుకున్నారు. హైదరాబాదుకు నలభై రోజుల శిక్షణకు పంపి, తిరిగి రాగానే నన్ను కంప్యూటర్ సెక్షన్‌కు ఇన్‌ఛార్జిని చేశారు.

సెక్షన్ అంటే ఏసీ ఉన్న ఒక గది. మొత్తం ఆఫీసులో ఏసీ ఉన్నవి రెండే గదులు. ఒకటి పెద్దసారుది, ఇంకొకటి సర్వర్‌ది. ఏప్రిల్ వచ్చిందంటే ఆఫీసులో సగం మంది ఏదో ఒక వంకతో మా గదికి వచ్చేవారు. "సర్వర్ ఎట్లున్నదన్నా?" అని పరామర్శించి, కుర్చీ లాక్కుని కూర్చునేవారు. శిక్షణలో భౌతిక భద్రత అని ఒక గంట క్లాసు జరిగింది. సర్వర్ ఉన్న గదిలోకి పని లేనివాళ్ళను రానివ్వకూడదన్నారు. ఆ క్లాసు చెప్పినాయన మే నెలలో మా రామగుండం ఎండ చూసి ఉండడు.

నా కింద ఇద్దరు గుమాస్తాలు. ఒకాయన నాకంటే పెద్దవాడు, ఒక్క వేలితో టైపు చేసేవాడు. ఆ వేలికి అలసట వస్తే రెండో చేతి వేలు వాడేవాడు. రెండో మనిషి ఒక ఆడమనిషి. భర్త బాయిలో పనిచేస్తూ జబ్బు చేసి చనిపోతే, ఆమెకు ఆఫీసులో ఉద్యోగం ఇచ్చారు. మామగారి కాలం నుంచీ బొగ్గు పనిలో ఉన్న క్రైస్తవ కుటుంబం. మాట తక్కువ, తప్పులు అంతకంటే తక్కువ. నెలలో వెయ్యి కాగితాలు ఎక్కించినా ఆమె పనిలో నాకు దిద్దడానికి ఏమీ దొరికేది కాదు. ఇన్‌ఛార్జిగా అది నాకు కొంచెం ఇబ్బందిగానే ఉండేది.

మా పని కార్మికుల సర్వీసు పుస్తకాలను కంప్యూటర్లోకి ఎక్కించడం. పుట్టిన తేదీ, ఊరు, చేరిన రోజు, భార్యాపిల్లల పేర్లు, దవాఖాన రిపోర్టులు. అసలు పుస్తకాలకు అప్పటికే చెదలు పట్టాయి. పుట్టిన తేదీలో ఒక అంకె మారితే మనిషి రెండేళ్ళు ముందే రిటైరవుతాడు. వారసుల పేర్లలో ఒక పేరు ఎగిరిపోతే ఒక ఇంట్లో ఉద్యోగం ఎగిరిపోతుంది. అందుకే ఆ గదిలో ఉన్నదాన్ని కాపాడాలని నాకు నిజంగానే ఉండేది. ఆ ఒక్క విషయంలో నేను వేషం వేయలేదు.

శనివారం మధ్యాహ్నం అరగంట ఆఫీసు వాళ్ళందరికీ క్లాసు చెప్పేవాణ్ని. ఇంగ్లీషు మాటలు వాళ్ళకు ఎక్కవని బాయి మాటల్లో చెప్పేవాణ్ని. లాగిన్ అంటే బిళ్ళ ఇచ్చి దీపం తీసుకోవడం. ఎన్‌క్రిప్షన్ అంటే అందులో ఉన్నదాన్ని తాళంచెవి లేనివాడికి అర్థం కాకుండా కలిపేయడం. ఆ తాళంచెవి ఎలా దాచుకోవాలో చెప్పడానికి షాట్ ఫైరర్ ఉదాహరణ తీసుకొచ్చేవాణ్ని. బాయిలో మందుగుండు పేల్చే యంత్రానికి ఒక హ్యాండిల్ ఉంటుంది. అది ఎప్పుడూ పేల్చేవాడి జేబులోనే ఉండాలి. మేనేజరు అడిగినా, కన్నతండ్రి అడిగినా ఇవ్వకూడదు. హ్యాష్ అంటే ఫైలు వేలిముద్ర, ఒక్క అక్షరం మారినా ముద్ర మారిపోతుంది. ఫైర్‌వాల్ ఒక్కటే నేను చెప్పక్కర్లేకుండా అర్థమైన మాట. అంటుకున్న బొగ్గుకు గాలి తగలకుండా గోడ కట్టడం వాళ్ళ తాతల నాటి పని. "గంతేనా?" అన్నాడు ఒకాయన, ఇంత చిన్న సంగతికి హైదరాబాదు దాకా పోవాలా అన్నట్టు.

లాగ్ గురించి కూడా చెప్పాను. ఎవరు ఏ రోజు ఎన్ని గంటలకు వచ్చారో, ఎంతసేపు ఉన్నారో కంప్యూటరు తనంతట తాను రాసుకునే చిట్టా అది. "పని చేసినవాడు చేయలేదని బొంకడానికి వీలుండదు. కంప్యూటర్ అబద్ధం చెప్పదు," అని గట్టిగా అన్నాను. ఆ రోజు మా గుమాస్తా అమ్మ ముందు వరుసలో కూర్చుని ఆ మాట పుస్తకంలో రాసుకుంది.

అందరూ బుద్ధిగా విన్నారు. విని, సోమవారం వచ్చి ఒకరి పాస్‌వర్డ్ ఒకరికి చెప్పుకున్నారు. దీనికి వాళ్ళను తిట్టి లాభం లేదు. బొగ్గు బాయిలో పుట్టి పెరిగిన మనుషులకు మంచితనం అంటే పక్కవాడి పని ఆగనివ్వకపోవడం. పక్కవాడి బిడ్డకు జ్వరమొస్తే వాడి యంత్రం మనం నడపాలి, వాడి తల్లి చచ్చిపోతే వాడి షిఫ్టు మనం చెయ్యాలి. అలాంటి చోట "నా పాస్‌వర్డ్ చెప్పను" అనడం, అన్నం తింటున్నప్పుడు మనిషి వస్తే పళ్ళెం దాచుకోవడం లాంటిది. పెద్దగుమాస్తా తన పాస్‌వర్డును గోడమీది క్యాలెండర్లో రాసి పెట్టాడు. ఇదేమిటని అడిగితే, "రేపు నేను రాకుంటే పని ఆగొద్దు గద తమ్మీ," అన్నాడు.

అప్పుడు నేను ఒక నియమం రాశాను. నెలనెలా పాస్‌వర్డ్ మార్చాలి, మార్చకపోతే ఆ ఖాతా మూతపడుతుంది, మళ్ళీ తెరవాలంటే పెద్దాఫీసుకు ఉత్తరం రాయాలి. పెద్దాఫీసు వాళ్ళు మెచ్చుకుని అన్ని ఏరియాలకూ పంపారు. మొదటి శాలువా దానికే, రెండోది శనివారం క్లాసులకు.

ఆ నియమాన్ని తు.చ. తప్పకుండా పాటించింది మా గుమాస్తా అమ్మ ఒక్కతే. ఆమె పాస్‌వర్డ్ ఏమిటో నాకు తెలుసు. తల్లిని వరంగల్ దవాఖానకు తీసుకెళ్ళాల్సి వచ్చినప్పుడు, నాకూ పెద్దగుమాస్తాకూ చెప్పి వెళ్ళింది. భర్త ల్యాంపు నంబరు, దాని పక్కన ఆ నెల అంకె. "నెల మారితే అంకె మార్చుకోండ్రి సార్, పని ఆగొద్దు," అంది. చెప్పకూడదమ్మా అని నేను అనాలి. "సరేనమ్మా, ఫికర్ చేయకు," అన్నాను.

ఇక సమ్మె సంగతి. తెలంగాణ కోసం ఊళ్ళకు ఊళ్ళు రోడ్ల మీదికి వచ్చిన రోజులు. బొగ్గు గనులన్నీ ఆగాయి. బొగ్గు మోసే బెల్టులు ఆగిపోయి, లారీలు ఆగిపోయి, గోదావరిఖనిలో మొదటిసారి ఆరేసిన బట్టలు తెల్లగా ఉన్నాయి. మేమంతా పొద్దున్నే టెంటు కింద కూర్చునేవాళ్ళం. మా ఆవిడ కాలనీ ఆడవాళ్ళతో కలిసి నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటావార్పు చేసేది. ఇంట్లో నాకు ఎన్నడూ వండని రుచితో అక్కడ పప్పుచారు వండింది.

సమ్మెకు కూడా ఒక పద్ధతి ఉంటుంది. అన్నీ ఆపినా బాయిలో పంపులు ఆపరు. ఆపితే నీళ్ళు నిండి బాయే పోతుంది. గాలి ఫ్యాన్లు, దవాఖాన కూడా నడుస్తాయి. వాటి మీద పనిచేసే వాళ్ళకు సమ్మె కమిటీయే స్లిప్పు రాసి ఇచ్చి డ్యూటీకి పంపుతుంది. స్లిప్పు ఉన్నవాణ్ని ఎవరూ ఏమీ అనరు. స్లిప్పు లేకుండా గేటు దాటినవాడి ముఖం మళ్ళీ ఎవరూ చూడరు.

నా బాధ వేరు. సమ్మెకు వారం ముందు నుంచే సర్వర్లో డిస్కు టిక్కుటిక్కుమంటోంది. అది చావుకు ముందు వచ్చే చప్పుడని శిక్షణలో వినిపించారు కూడా. అందుకే వారం వారం బ్యాకప్ తీయాలి, అంటే ఉన్నదంతా వేరే చోట నకలు తీసి దాచాలి. నేను ఆఖరుసారి బ్యాకప్ తీసి నాలుగు నెలలైంది. ప్రతి శనివారం బ్యాకప్ ఎందుకు తీయాలో చెప్పే క్లాసులోనే నా శనివారాలు గడిచిపోయాయి. డిస్కు పోతే నాలుగు నెలల్లో ఆ ఇద్దరూ ఎక్కించిన వేలమంది వివరాలు పోతాయి.

కమిటీ కార్యదర్శి మా వాడే. ఒకప్పుడు బాయిలో పంపు నడిపినవాడు, నన్ను అన్నా అని పిలుస్తాడు. అడిగితే స్లిప్పు ఇచ్చేవాడేమో. కానీ ఎందుకని అడుగుతాడు. ఎందుకో చెబితే, నాలుగు నెలలుగా ఏం చేస్తున్నావని అడుగుతాడు. రెండు శాలువాల మనిషికి అది చాలా కష్టమైన ప్రశ్న.

పదమూడో రోజు పొద్దున అందరూ రాజీవ్ రహదారి మీద వంటావార్పుకు బయల్దేరారు. నాకు కడుపులో బాగాలేదని చెప్పి టెంటులోంచి లేచి, దవాఖాన వెనక దారిలో ఆఫీసుకు పోయాను. వెనక గేటు దగ్గర కాపలా మనిషి నన్ను చూసి సెల్యూట్ కొట్టాడు. పుస్తకంలో పేరు రాసుకోలేదు. నేను కూడా గుర్తు చేయలేదు.

గదిలో కూర్చుని నా పాస్‌వర్డ్ కొట్టాను. ఖాతా మూతపడింది, పెద్దాఫీసుకు ఉత్తరం రాయమంది. నెల దాటిపోయింది, నేను మార్చలేదు. పెద్దాఫీసు కూడా సమ్మెలోనే ఉంది. డిస్కు టిక్కుమంది. గుమాస్తా అమ్మ పేరు కొట్టి, చనిపోయిన ఆమె భర్త ల్యాంపు నంబరు కొట్టి, పక్కన నెల అంకె కొట్టాను. వెంటనే తెరుచుకుంది. ఆయన ఎవరో నాకు తెలుసు. నేను ల్యాంప్ రూంలో ఉన్నప్పుడు ఆ నంబరు దీపం ఆయన చేతికి ఎన్నోసార్లు అందించాను.

రెండు గంటలు పట్టింది. అంతా సీడీల మీదికి ఎక్కించి, ఎన్‌క్రిప్షన్ చేసి, తాళంచెవి మాటను ఎక్కడా రాయకుండా మనసులో పెట్టుకుని, సీడీలను చొక్కా లోపల దోపుకుని బయటపడ్డాను. ఆ ఒక్క పని పుస్తకంలో ఉన్నట్టే చేశాను. మధ్యాహ్నం రోడ్డు మీద పంక్తిలో కూర్చుని పప్పుచారు తిన్నాను. గుమాస్తా అమ్మే నాకు అన్నం వడ్డించింది. "కడుపు ఎట్లున్నది సార్, మజ్జిగ పోయాల్నా?" అని అడిగింది.

సమ్మె ముగిసింది. అందరం డ్యూటీ ఎక్కాం. నాలుగో రోజున పెద్దాఫీసు నుంచి కాగితం వచ్చింది. సమ్మె రోజుల్లో సిస్టంను ఎవరైనా ముట్టుకున్నారేమో లాగ్ ప్రింటు తీసి, సంతకం పెట్టి పంపమన్నారు. ప్రింటు తీశాను. తెల్ల కాగితం మీద ఒకే ఒక్క వరుస వచ్చింది. గుమాస్తా అమ్మ పేరు, పదమూడో రోజు, పది గంటల నలభై నిమిషాల నుంచి పన్నెండు నలభై రెండు దాకా.

ఆ వరుసను తుడిచేయడం నాకు చేతనవును. కానీ లాగ్‌ను ముట్టుకోకూడదు, అది మహాపాపమని క్లాసులో చెప్పినవాణ్ని నేనే. పక్కన నిజం రాసి పంపడం కూడా చేతనవును. దానికి మాత్రం క్లాసులో చెప్పినదేదీ అడ్డు రాదు. ఫైల్లో పడి ఉండే కాగితమే కదా, ఎవరు చూస్తారనుకున్నాను. "సరిచూడబడినది" అని రాసి సంతకం పెట్టాను. అంత నిజాయితీగా అబద్ధం పంపినవాడు మా కంపెనీలో ఇంకొకడు ఉండడు.

ప్రింటరు రిబ్బను పాతదై మొదటి ప్రింటు మసకగా వస్తే, దాన్ని ఉండచుట్టి బుట్టలో వేసి రెండోసారి తీశాను. పనికిరాని కాగితాలను ముక్కలు ముక్కలుగా చించాలని కూడా నా పాఠాల్లో ఉంది. ఊడ్చే మనిషి ఆ బుట్టను యథాప్రకారం క్యాంటీన్లో ఇచ్చింది. మూడో రోజు సాయంత్రం కార్యదర్శికి మిర్చి బజ్జీలు ఆ కాగితంలో పెట్టి ఇచ్చారు. నూనె తగిలితే మసక అక్షరాలు బాగా కనిపిస్తాయని నాకు అప్పటిదాకా తెలియదు.

తెల్లవారేసరికి ఊరంతా తెలిసింది. అది చాలదన్నట్టు, ఉద్యోగుల సంగతులు చూసే మా పర్సనల్ ఆఫీసరు గారు బయటి జిల్లా మనిషి, చాలా మంచివాడు, అంత సమ్మెలోనూ ఒక ఉద్యోగి డ్యూటీకి వచ్చిందని మురిసిపోయి, ప్రశంసా పత్రం టైపు చేయించి నోటీసు బోర్డుకు పెట్టించారు. ఆమె ఆయన గదికి పోయి "నేను రాలేదు సార్, నాకీ పత్రం వద్దు" అని మొత్తుకుంది. ఆయన దాన్ని వినయం అనుకుని ఇంకా సంతోషించారు.

ఆ రోజు నుంచి ఆమెతో ఎవరూ మాట్లాడలేదు. టీ పిల్లవాడు ఆమె బల్ల దాటి వెళ్ళిపోయేవాడు. కాలనీలో నల్లా దగ్గర ఆమె బిందె పెడితే పక్కవాళ్ళు తమ బిందెలు దూరం జరుపుకునేవారు. ఆమె క్వార్టరు గోడ మీద ఎవరో బొగ్గుతో "ద్రోహి" అని రాశారు. ఆమె నీళ్ళు పోసి కడిగింది, మర్నాడు మళ్ళీ రాశారు. పెద్దగుమాస్తా కూడా కుర్చీ అటు తిప్పుకుని కూర్చున్నాడు.

ఆమె నా దగ్గరికి వచ్చింది. నిలబడే అడిగింది.

"సార్, కంప్యూటర్ అబద్ధం చెప్తదా?"

నేను ఫైలు తిరగేస్తూ, "చెప్పదమ్మా," అన్నాను.

"మరి నేను రాలే గద సార్. ఆ దినం పొద్దుగాల్నుంచి రోడ్డు మీద బియ్యం కడుక్కుంట కూసున్న. మీకు బువ్వ వడ్డిచ్చిన గద."

"చూద్దాం. పెద్దాఫీసును అడుగుతాను."

ఆమె కొంచెం సేపు నా వైపే చూసింది. ఆ చూపులో ఏముందో అప్పుడు నాకు అర్థం కాలేదు, లేక అర్థం చేసుకోదలచుకోలేదు. తర్వాత తన బల్ల దగ్గరికి పోయి పని చేసుకుంది. ఆ రోజు కూడా తప్పులు లేవు.

ఇంటికి పోతే మా ఆవిడ అదే ముచ్చట ఎత్తింది. "ఏం మనిషో సూడు. మాతోని కూసోని బియ్యం కడిగి, మధ్యల మాయమై డ్యూటీ చేసొచ్చిందట. మొగడు సచ్చిన కంపెనీల గట్లెట్ల పాణం ఒప్పింది? నేనైతే దాని మొకం సూడ."

"మధ్యలో మాయమైందా? నువ్వు చూశావా?" అన్నాను.

"నేను సూడలే. కంప్యూటర్ల వచ్చిందంట గద."

నేను అన్నం తిన్నాను. పచ్చడి బాగుందని కూడా అన్నాను. సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను. అలా పదకొండు రోజులు గడిపాను. ప్రతి ఉదయం చెప్పేద్దామనుకునేవాణ్ని. ప్రతి ఉదయం స్లిప్పు లేకుండా గేటు దాటినవాడి గతి గుర్తొచ్చేది. ల్యాంప్ రూం నుంచి లెక్కపెడితే ఆ ఊళ్ళో నాకున్నది ఒక్క మంచిపేరే. ఆమెకున్నది కూడా అంతేనని తెలిసీ నాది నేను దాచుకున్నాను.

పన్నెండో రోజు సాయంత్రం గేటు మీటింగు పెట్టారు. సమ్మె ద్రోహిని ఈ ఏరియా నుంచి పంపేయాలని తీర్మానం చేస్తారని ముందే తెలిసింది. మూడు నాలుగు వందల మంది ఉన్నారు. నేను వెనక సైకిల్ స్టాండు దగ్గర నిలబడ్డాను. కార్యదర్శి మైకు పట్టుకుని మొదలుపెట్టాడో లేదో, గుంపు చీల్చుకుంటూ ఆమె ముందుకు వచ్చింది. ఆడవాళ్ళు దారి ఇచ్చారు, గౌరవంతో కాదు, తగలకూడదని.

"అన్నా, నన్ను మాట్లాడనియ్యి," అంది.

కార్యదర్శి మైకు ఇవ్వలేదు. కానీ ఆపలేదు. మైకు లేకుండానే మాట్లాడింది.

"నేను లోపలికి పోలే. పోయింది నా పాస్‌వర్డ్. అది నా పెనిమిటి ల్యాంపు నంబరు. పని ఆగొద్దని దాన్ని ఇద్దరికి చెప్పిన. ఇద్దరు నాకు పెద్దలే. వాళ్ళ పేర్లు నా నోటితోని చెప్ప. లోపలికి పోయినోళ్ళకు ఎర్కుంటది. వాళ్ళే ముందటికి రావాలె."

అంతే చెప్పి తల వంచుకోకుండా నిలబడింది. గుంపులో పెద్దగుమాస్తా ఉన్నాడు. ఆయన నోరు తెరిచి, అందరి వైపూ చూసి, చివరికి నా వైపు చూశాడు. తను వెళ్ళలేదని ఆయనకు తెలుసు. ఇద్దరిలోంచి ఒకణ్ని తీసేస్తే ఎంత మిగులుతుందో ఆ ఒక్క వేలి మనిషికి కూడా లెక్క వచ్చు.

ఇంకొక నిమిషం ఆగితే ఆయనే చెప్పేవాడు. కాబట్టి నేను ధైర్యంతో ముందుకు నడిచానని ఎవరైనా అంటే నమ్మకండి. కార్యదర్శి చేతిలోంచి మైకు అందుకున్నాను. "ఆమె కాదు. నేను పోయిన. డిస్కు చెడిపోయేటట్టున్నది. బ్యాకప్ తియ్యలే, నాలుగు నెలల సంది తియ్యలే. నా ఖాతా మూతపడ్డది. ఆమె పాస్‌వర్డ్‌తోని పోయిన. కాగితం మీద సంతకం గూడ నేనే పెట్టిన," అన్నాను. ఎన్నో ఏళ్ళుగా ఇంగ్లీషు కలిపి క్లాసులు చెప్పిన నోరు ఆ రోజు పుట్టిన ఊరు కమాన్‌పూర్ మాటే మాట్లాడింది.

రాళ్ళు పడతాయనుకున్నాను. కార్యదర్శి అన్నాడు: "అడిగితే స్లిప్పు మేమే ఇస్తుంటిమి గదనే. పంపులోళ్ళకు ఇయ్యలేదా? నీది గూడ పంపు అసొంటిదే గద."

ఎవరో నవ్వారు. "కడుపుల బాలేదని లేస్తే నిజంగనే అనుకున్నం!" అన్నాడు ఇంకొకడు. నవ్వు గుంపంతా పాకింది. ఎవరో నా భుజం తట్టారు. రాత్రికి క్యాంటీన్లో నాకు బజ్జీలు పెట్టించారు. కంపెనీ కోసం కాదు, కార్మికుల పుట్టిన తేదీల కోసం పోయాడు పాపం అని కథ మారిపోయింది. పదకొండు రోజులు నేను భయపడిన శిక్ష నాకు పదకొండు నిమిషాలు కూడా పడలేదు.

మా ఆవిడ మాత్రం రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు అన్నం పెడుతూ, "నల్లా కాడ దాని బిందె నేను గూడ తోసేసిన," అంది. ఆ తర్వాత లేచి ఆమె క్వార్టరుకు పోయింది. ఏం మాట్లాడిందో నాకు చెప్పలేదు.

ఇంకెవరూ పోలేదు. అదే ఇప్పటికీ నాకు కడుపు మండే సంగతి. ఆమెతో మాట్లాడటం మానేసినంత తేలిగ్గా మళ్ళీ మాట్లాడటం మొదలుపెట్టారు. టీ పిల్లవాడు గ్లాసు పెట్టాడు. పెద్దగుమాస్తా కుర్చీ ఇటు తిప్పుకున్నాడు. తప్పైందని ఒక్క నోరు అనలేదు. పర్సనల్ ఆఫీసరు గారు నన్ను పిలిచి, ప్రశంసా పత్రంలో ఆమె పేరు తీసేసి నా పేరు పెట్టించమంటారా అని మర్యాదగా అడిగారు. వద్దన్నాను. కొద్ది రోజులకు డిస్కు నిజంగానే చచ్చిపోయింది. చొక్కాలో దాచి తెచ్చిన సీడీలతో అంతా తిరిగి వచ్చింది, ఒక్క పుట్టిన తేదీ కూడా పోలేదు. దానికి మూడో శాలువా కప్పుతామన్నారు. ఆ రోజు సెలవు పెట్టాను.

మీటింగు అయిన తర్వాతి సోమవారం, ఆఫీసు తెరవగానే ఆమె నా బల్ల దగ్గరికి వచ్చింది. నేను లేచి నిలబడ్డాను. "తప్పైందమ్మా. మొదటిరోజే చెప్పవలసింది," అన్నాను.

"పాస్‌వర్డ్ మార్చుకోవాలె సార్," అంది.

మార్చుకునే పేజీ తెరిచి ఇచ్చాను. ఎవరైనా పాస్‌వర్డ్ కొడుతుంటే ముఖం పక్కకు తిప్పుకోవాలని నా మొదటి పాఠం. గోడ వైపు తిరిగి నిలబడ్డాను. కీబోర్డు చప్పుడు రాలేదు. ఎంతసేపటికీ రాలేదు. వెనక్కి తిరిగి చూస్తే ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"మీరు బయటికి పొండ్రి సార్," అంది.

కోపంగా అనలేదు. నల్లా దగ్గర పక్కకు జరగమన్నట్టు అంది. పెద్దగుమాస్తా నాకంటే ముందే లేచి చెప్పులు వేసుకున్నాడు. ఇద్దరం వరండాలోకి వచ్చాం. వెనక తలుపు మూసుకుని, లోపలి నుంచి గడియ పడింది. ఏసీ గదికి పరామర్శకు వచ్చిన ఒకాయన "ఏందన్నా, బయట నిలబడ్డరు?" అని అడిగాడు. లోపల పని జరుగుతోందని చెప్పాను. నా పాఠం ఆఫీసులో ఒక్కరికి వచ్చింది, నేర్పిన పద్ధతే బాగాలేదు. ఆమె తలుపు తీసేదాకా నేను అక్కడే నిలబడ్డాను.